గోరు కింది నలుపు

ఈ మధ్య నాకొక చెడ్డ అలవాటు పట్టుకుంది. ఎదుటి మనిషి మొహం చూడ్డం మానేసి కాళ్ళు చూస్తున్నాను. గుళ్ళో, రేషను కొట్టు దగ్గర, పెళ్ళి భోజనాల బంతిలో, ఎక్కడైనా సరే నా చూపు ముందు కిందికే పోతుంది. చూసినవాళ్ళు పాపం పెద్దావిడ ఎంత సిగ్గరో అనుకుంటారేమో. మొన్నటికి మొన్న బారిడీహ్‌లో టెంపో ఎక్కి సాక్చీ బజారుకి పోతున్నాను. ఎదురు సీట్లో ఒక మిస్త్రీ కూర్చున్నాడు, నడివయసు మనిషి, హవాయి చెప్పులు, ఒళ్ళో పనిముట్ల సంచీ. కుడికాలి బొటనవేలి గోరు బొగ్గు రంగులో ఉంది. కాసేపు ఓర్చుకున్నాను, ఆపైన నా నోరు ఊరుకోలేదు. "భయ్యా, యే కబ్ సే హై?" అని, ఎప్పట్నుంచి ఉందిది అని, అడిగేశాను. అతను తన కాలు తనే కొత్తగా చూసుకుని, "లోహా గిరా థా, మాతాజీ" అని నవ్వాడు. ఇనుము పడిందట. నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఎప్పుడు పడింది, గోరు పెరుగుతున్నకొద్దీ నలుపు ముందుకి జరుగుతోందా, లేకపోతే పాతుకుపోయి అక్కడే ఉందా అని నాకొచ్చిన హిందీలో పోలీసులా ఆరా తీశాను. పక్కనున్న ఆవిడ తన కాళ్ళు చీర కుచ్చిళ్ళలోకి లాక్కుంది. ఆ మిస్త్రీ మంచివాడు. చెప్పు విడిచి, కాలు పైకెత్తి, గోటి మొదట్లో తెల్లగా వస్తున్న కొత్త గోరు చూపించాడు. నలుపు సగం దాకా బయటికి జరిగిపోయింది. గడ్డకట్టిన రక్తం, అంతే. గోరుతో పాటే ముందుకి పోయి ఒకరోజు కత్తిరింపులో రాలిపోతుంది. చల్లగా ఉండమని దీవించాక గానీ నాకు సిగ్గు ముంచుకురాలేదు, దిగాల్సిన చోటుకి ముందే దిగిపోయి ఎండలో నడిచాను.

ఈ ఊళ్ళో నల్లగోరుని ఎవరూ జబ్బు కింద లెక్కెయ్యరు. ఇనుము మీద బతికే ఊరు కదా, ఏదో ఒక ముక్క ఎప్పుడో ఒకప్పుడు కాలి మీద పడకుండా రిటైరైనవాడంటే కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టిన ఆఫీసరే అయ్యుండాలి. మా ఇళ్ళల్లో మగవాళ్ళు కారంపొడి ఎంత ఎర్రగా ఉందో, కూతురి మార్కులు ఎలా ఉన్నాయో చెప్పుకున్నట్టే గోళ్ళ గురించి కూడా చెప్పుకునేవారు. "నాదైతే రెండుసార్లూడి మల్లీ వచ్చింది" అని ఒకరంటే, "నాకు ఏలే సితికిపోనాది, అయినా డూటీకెల్లాను" అని ఇంకొకరు. మా ఆయన రైల్వేలో షంటింగు పని చేశారు. పెట్టెలని ఇంజనుకి తగిలించడం, విడదీయడం, ఆ లైనులోంచి ఈ లైనులోకి మార్చడం. రైలు ఎక్కేవాళ్ళకి ఆ పని కనిపించదు గానీ, అది జరక్కపోతే ఏ రైలూ కదలదని ఆయన రోజుకొకసారి నాకు గుర్తుచేసేవారు. డ్యూటీకిచ్చిన గట్టి బూట్లు మాత్రం గుడ్డలో చుట్టి పెట్టె అడుగున దాచుకునేవారు. పెద్ద ఆఫీసరు తనిఖీకొచ్చే రోజున వేసుకోవాలట. మిగతా రోజుల్లో కాన్వాసు బూట్లు.

ఆ కాన్వాసు బూటు మీదే ఒక వానాకాలం కప్లింగు పడింది. రెండు పెట్టెలని కలిపే ఇనప లంకె అది, ఒక మనిషి రెండు చేతులా ఎత్తితే గానీ లేవదు. ఎత్తినవాడు ఆయన జోడీ, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చేతులు తడిగా ఉండి జారిందట. ఆ జోడీ మనిషిది బొబ్బిలి దగ్గర పల్లె, మాది పాలకొండ పక్క. ఈ పరాయి గడ్డ మీద ఆ మాత్రం దగ్గరితనం చాలు వరస కలుపుకోవడానికి. ఆయన్ని "బావ" అనేవాడు, నన్ను "అప్ప" అనేవాడు, నాకు లేని తమ్ముడయ్యాడు. ప్రతి ఆదివారం కద్మా నుంచి సైకిలు మీద వచ్చి, నేను వండిన చేపల పులుసులో ఉప్పు తక్కువైందో పులుపు ఎక్కువైందో చెప్పి, రెండుసార్లు వడ్డించుకుని తినిపోవడం అతని హక్కు. దెబ్బ తగిలిన రోజున ఆయన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చి, "అప్పా, నా సేతిలోంచే జారిపోనాది" అని ఏడుపుమొహం పెట్టాడు. మా ఆయన నవ్వేశారు. "దీనికేటి, బావమరిది సదివింపులు ఇలగే ఉంతాయి" అన్నారు.

ఆ మాట అలా స్థిరపడిపోయింది. ఊడిన గోరు మళ్ళీ వచ్చింది, నల్లగానే వచ్చింది. ఏళ్ళు గడిచినా నల్లగానే ఉంది. ఇంటికెవరొచ్చినా కాలు చాపి "ఇది మా బావమరిది సదివింపు" అని చూపించేవారు, అతను పక్కనే కూర్చుని సిగ్గుపడుతూ నవ్వేవాడు. మొదట్లో నేను పసుపూ ఆవనూనే రాశాను, ఉల్లిపాయ కాల్చి కట్టాను. ఒకసారి ఆస్పత్రిలో చూపించుకోమన్నాను కూడా. "గోరు సూపించుకోడానికి లైన్లో నిలబడితే నవ్విపోతారే" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. చుట్టూ అన్ని నల్లగోళ్ళున్నప్పుడు ఒక గోరు తాను వేరే అని ఎలా చెప్పుకుంటుంది?

ఇక మా ఇంట్లో సైంటిస్టు గురించి చెప్పాలి. మా ఆడపడుచు కూతురు. బిర్సానగర్‌లో పెరిగింది, మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది, చదువులో మాత్రం ఎవరికీ అందలేదు. పెద్ద చదువు చదివి దక్షిణాదిలో ఒక పెద్ద ఊళ్ళో క్యాన్సర్ మీద పరిశోధన చేసే ల్యాబులో చేరింది. మా వాళ్ళందరం గొప్పగా చెప్పుకున్నాం. ఆ తర్వాత అక్కడ అది చేసేదేమిటో తెలిసి నోళ్ళు వెళ్ళబెట్టాం. చేపలు పెంచుతోందట! చారలున్న చిన్న చిన్న చేపలు, గాజుతొట్టెల్లో. "సేపలకేటి, క్యాన్సరేటి?" అని వాళ్ళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా ఆయనకైతే ఏడాది పొడుగునా అదే వేళాకోళం. అది సెలవులకొస్తే సంచీ తడిమి, "ఏటే, మావయ్యకి పులుసుకి రెండైనా తేలేదా?" అనేవారు.

ఒక డిసెంబరులో మా వసారాలో ఎండకి కూర్చుని అది ఓపిగ్గా విడమరిచి చెప్పింది. మన ఒంటికి రంగునిచ్చేవి, పుట్టుమచ్చలో ఉండేవి ఒక రకం నల్లటి కణాలు. అవి చర్మంలో పుట్టవట. బిడ్డ కడుపులో ఉండగా వెన్ను దగ్గర పుట్టి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ పోయి ఒళ్ళంతా తలో చోటా కుదురుకుంటాయట. ఆ చేపపిల్ల గుడ్డులో ఉన్నప్పుడు అద్దంలా ఉంటుంది గనక, మైక్రోస్కోపులో ఆ నల్లకణాలు నడిచి వెళ్ళడం కళ్ళారా చూడొచ్చట. నడవడం నేర్చిన కణమే దారి తప్పితే మెలనోమా అనే నల్ల క్యాన్సరవుతుంది, అది ఒంట్లో అంత తొందరగా పాకిపోవడానికి ఆ పాత నడక కూడా ఒక కారణం అంది. ఎప్పుడో మన తాతల కాలంలో, అద్దాలతొట్టెల్లో చేపలు పెంచుకునే సరదా ఉన్న పండితులు కొందరు రెండు రకాల చేపలకి జత కుదిర్చారట. తల్లీ తండ్రీ బాగానే ఉన్నాయి, వాటి సంతతిలో కొన్నింటికి మాత్రం ఒంటి మీద నల్లగడ్డలు లేచాయి. క్యాన్సరుకి వేరు పుట్టుకతో వచ్చే రక్తంలో కూడా ఉండొచ్చని అలా, అందమైన చేపలు పెంచబోయి, మనుషులకి తెలిసొచ్చింది. నేను వింటూ బఠాణీలు ఒలవడం మర్చిపోయాను. నా పెళ్ళైన దగ్గర్నుంచి చేపలు తోముతున్నాను గానీ, వాటి చారల్లో ఇంత కథ ఉందని ఎవరైనా చెబితేనా?

మా ఆయన అంతా విని ఒక్కటే అడిగారు. "మరి ఇది మనకొత్తాదేటే?" అది నవ్వి, "నహీ మావయ్యా, ఇది తెల్లవాళ్ళ జబ్బు. ఎండకి వాళ్ళ చర్మం తట్టుకోలేదు. మన నలుపే మనకి గొడుగు" అంది. ఆయన ఆనందం చెప్పలేను. చిన్నప్పట్నుంచీ నల్లోడా నల్లోడా అని పిలిపించుకున్న మనిషి. పెళ్ళిచూపుల్లో మా మేనత్త ఆయన్ని చూసి దీపం దగ్గరికి జరగమందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు నుంచి ఎవరు కలిస్తే వాళ్ళకి, మా మేనకోడలు సైంటిస్టు చెప్పింది, నలుపే గొడుగు అని చాటింపు వేశారు. ఆ చలిలో ఆయన కాళ్ళకి మేజోళ్ళున్నాయి. చిన్నప్పుడు అందరితో పాటు ఆ గోరు చూసి నవ్విందే, పెద్ద చదువు చదివిన కళ్ళకి మాత్రం అది కనిపించలేదు.

దాని పెళ్ళి కుదిరింది. కద్మాలో హాలు. మాలో పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకురావాలి. మా ఆయన రిటైరై చాలా కాలమైంది, నడుం నొప్పి, అయినా గంప ఇంకొకరి చేతిలో పెట్టడానికి ససేమిరా ఒప్పుకోలేదు. గంప ఎక్కే ముందు పిల్ల మేనమామ కాళ్ళకి పసుపు రాసి దణ్ణం పెట్టాలి. ఆయన పట్టుపంచె కట్టుకుని, జోళ్ళూ మేజోళ్ళూ లేకుండా, జీవితంలో మొదటిసారి దొరలా నిలబడ్డారు. అది వంగింది. పసుపు రాసింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది.

మేనమామని వదిలి వెళ్ళాలని ఏడుస్తోందనుకున్నాం. వాళ్ళమ్మ మొదలుపెట్టింది, వెనకే నేను, ఆ వెనక కొంగులు నోట్లో కుక్కుకుని ఆడవాళ్ళందరం. సన్నాయివాడు కూడా సమయం చూసి జాలిగా ఒకటి ఎత్తుకున్నాడు. అది ఏడవడం లేదు. ఆయన ఎడమకాలి బొటనవేలు రెండు చేతులా పట్టుకుని, పసుపు తన కొంగుతో తుడిచేసి, కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తోంది. "మావయ్యా, యే క్యా హై?" అంది. కింద నుంచి వచ్చిన ఆ గొంతు పెళ్ళికూతురి గొంతులా లేదు. ఆయన అలవాటు ప్రకారం నవ్వి, జనంలో నిలబడ్డ నా తమ్ముణ్ణి చేత్తో చూపించి, "అదా, మా బావమరిది సదివింపు" అన్నారు. "అది కాదు, ఈ చర్మం మీదికి కూడా నలుపు ఎప్పుడొచ్చింది?" అంది. అప్పుడు నేనూ వంగి చూశాను. గోరు దాటి, గోటి మొదలున్న చర్మం మీదికి సిరా ఒలికినట్టు నలుపు పాకి ఉంది. రోజూ ఆ కాళ్ళకి నీళ్ళిచ్చేదాన్ని, నా కళ్ళకి అది ఆ రోజే కనిపించింది. పురోహితుడు ముహూర్తం ముహూర్తం అని అరుస్తున్నాడు. అది లేచింది. పసుపు మొహం, బుగ్గన చుక్క, బాసికం అన్నీ ఉన్నాయి, మనిషి మాత్రం అక్కడ లేదు. గంపలో కూర్చుంది. ఆయన మోసుకుపోయారు.

జీలకర్రా బెల్లం పెట్టి తెర తీసినప్పుడు పెళ్ళికూతురు పెళ్ళికొడుకుని చూడాలి కదా. అది పందిట్లో నిలబడ్డ మేనమామ కాళ్ళ వంక చూసింది. పాపం ఆ అబ్బాయి, తను నచ్చలేదేమోనని ఆ పూటంతా అన్నం సయించక కూర్చున్నాడట, తర్వాత తనే చెప్పి నవ్వాడు. మర్నాడు పొద్దున్నే పారాణి కాళ్ళతో, పుస్తెల పసుపుతాడు మెళ్ళో మెరుస్తుండగా, అది మా ఆయన్ని ఆస్పత్రికి లాక్కుపోయింది. గోటి కింది నల్లగడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. మెలనోమా అని తేలింది. బొటనవేలు తీసేశారు. గజ్జల్లో ఒక గ్రంథికి అప్పటికే చేరిందన్నారు.

ఏ జబ్బు మాకు రాదని మా వసారాలో కూర్చుని విన్నామో, ఆ జబ్బు అప్పటికే మేజోడులో, నాకు జానెడు దూరంలో కూర్చుని తనూ వింది. ఆ పిల్ల పరిస్థితి నాకంటే అన్యాయం. ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని, "అత్తా, నేనే చెప్పాను. తెల్లవాళ్ళ జబ్బని నేనే చెప్పాను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. మనలాంటి వాళ్ళకి వచ్చే మెలనోమా ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుందట. అరికాల్లో, అరచేతిలో, గోటి కింద. ఎండతో దానికి పెద్దగా పనిలేదు, నల్ల గొడుగు దాన్ని ఆపదు. ఆ సంగతి పుస్తకాల్లో ఉంది, అది చదివింది కూడా. కానీ లోకంలో పరిశోధన చాలావరకు తెల్లచర్మం మీద ఎండకి వచ్చేదాని చుట్టూ జరిగింది, దాని చేపలూ ఆ బాటే పట్టాయి. దీపం కింద చీకటంటే అదేనేమో.

ఆపరేషనుకి ముందు అది మేనమామని ఒక కోరిక కోరింది. తీసేసే వేల్లో గడ్డ ముక్క కొంచెం తన పరిశోధనకి ఇస్తారా అని. "నా ఏలు సేపలకెడతావేటే?" అన్నారు. "కాదు మావయ్యా, అది ఎలా మొదలైందో చదువుతాను." "సదివితే నాను బాగవుతానా?" అది అబద్ధం చెప్పలేదు. "మీకు పనికిరాకపోవచ్చు" అంది. ఆయనకి ఆ జవాబు నచ్చిందనుకుంటాను. "పీకి పారీసీ ఏలేగా, పట్టుకుపో. నా పేరు మాత్రం సెప్పకు, నల్లోడిదని సెప్పు" అన్నారు. డాక్టర్లు కూడా సరేనన్నారు.

మెలనోమాకి ఇప్పుడొక మాత్ర ఉందని, కణం లోపలి జన్యువుల రాతలో ఒకేఒక్క అక్షరం తప్పుగా రాసుకోవడం వల్ల జబ్బొచ్చినవాళ్ళకి అది మంచులా గడ్డని కరిగిస్తుందని అది మాకు చెప్పింది. ఆ తప్పుని కనిపెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టుకుని, ఈయనకీ అదే ఉండాలని అమ్మవారికి ముడుపు కట్టాను. పరీక్షలో ఆ తప్పు ఆయన గడ్డలో లేదని వచ్చింది. ఇంకో మందుంది, ఒంట్లో నిద్రపోతున్న కాపలావాళ్ళని లేపేది, అది ఎక్కించారు. కొన్నాళ్ళు బాగానే లేచారు ఆ కాపలావాళ్ళు. ఆయన వేలు లేని కాలితో బజారుకెళ్ళి చేపలు తెచ్చేంత బాగయ్యారు. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో కనిపించింది. ఆయన పోయారు.

ఈ మధ్యలో నా తమ్ముడు మాకు దూరమైపోయాడు. వేలు తీసేశారని తెలిసిన రోజు నుంచి ఆదివారాలు రావడం మానేశాడు. ఫోను చేస్తే ఒంట్లో బాలేదనేవాడు. మా ఆయన కబురు మీద కబురు పెట్టేవారు, ఏ రోజూ అతన్ని పల్లెత్తు మాటనలేదు. సదివింపు అన్న మాట కూడా పూర్తిగా మానేశారు. అది మానేయడమే అతనికి ఇంకా ఎక్కువ గుచ్చుకుందేమో. ఆయన పోయిన రోజున వచ్చాడు. గేటు బయట నిలబడ్డాడు. బావమరిది వరస గనక పాడె పట్టమని మగవాళ్ళు పిలిస్తే, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "నా సెయ్యి తగలకూడదు బాబూ, నా సేత్తోనే ఇంతా జరిగింది" అన్నాడు. నేను గుమ్మంలోంచి విన్నాను. లేచి వెళ్ళి కాదని చెప్పే స్థితిలో లేను. కాదో అవునో నాకు మాత్రం ఏం తెలుసు? ఇనుము పడింది, గోరు నల్లబడింది, మనిషి పోయాడు. అందరం ఆ వరసలోనే అనుకున్నాం.

మొన్న చలికాలంలో ఆ పిల్ల వచ్చింది. ఇప్పుడది చారల చేపల పనితో పాటు మనవాళ్ళకి వచ్చే మెలనోమా మీద కూడా పని చేస్తోంది. నేను వంటింట్లో ముల్లంగి తరుగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది. "అత్తా, మావయ్య ముక్క మీద పని ఒక కొలిక్కొచ్చింది" అంది. కణంలో తప్పులు ఒక్కసారిగా రావట, ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తాయట. సున్నం గోడ గీకితే ఏ రంగు ముందు వేశారో ఏది తర్వాతో తెలిసినట్టు, వాటి వరస చదవొచ్చట, పొరలు లెక్కగట్టి ఎన్నేళ్ళ కిందటివో ఉజ్జాయింపు కూడా వెయ్యొచ్చట. మొట్టమొదటి తప్పు పైకి ఏ నలుపూ లేని మామూలు చర్మంలోనే మొదలై, ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా ఉంటుందట. "సరిగ్గా ఏ సంవత్సరమని చెప్పలేను. దెబ్బల వల్ల ఇది వస్తుందా అన్నది కూడా లోకంలో ఇంకా తేలలేదు. కానీ మావయ్యది మాత్రం కప్లింగు పడడానికి చాలా ముందే మొదలైంది, అత్తా. ఆ రోజు ఇనుము పడినా పడకపోయినా ఆ గోరు నల్లబడేదే."

చాలా ముందంటే? క్వార్టర్స్ వదిలి ఈ బారిడీహ్ ఇల్లు కట్టుకున్న రోజులా? మా అమ్మాయి పుట్టినప్పుడా? పూరీ సముద్రంలో పంచె ఎగ్గట్టి, కెరటం వస్తే నన్ను పట్టుకుని పిల్లాడిలా అరిచిన రోజా? ఆ రోజున ఆ కాలు నీళ్ళల్లో నా కాలి పక్కనే ఉంది. ఆ రోజుల్ని నేను ఇన్నాళ్ళూ మంచిరోజులని మూట కట్టి దాచుకున్నాను. ఆ మూటలోకి ఆ జబ్బు అప్పుడే దూరి కూర్చుందన్నమాట. ఆ పిల్ల నా చేతిలోంచి ముల్లంగి తీసుకుని పక్కన పెట్టింది.

తర్వాత నాకు తమ్ముడు గుర్తొచ్చాడు. ఈ మాట ముందు చేరాల్సిన చోటు అది. ఆ మధ్యాహ్నమే ఇద్దరం కద్మా వెళ్ళాం. మనిషి సగమైపోయాడు. ముందు గదిలో నవారు మంచం మీద కూర్చుని, నన్ను చూసి లేవబోయి లేవలేక, "రాప్పా" అన్నాడు. నేను ఆత్రం ఆపుకోలేక నిలబడే చెప్పేశాను. నీ తప్పేం లేదురా, ఆ జబ్బు నువ్వు కప్లింగు ఎత్తకముందే ఆయన కాల్లో ఉంది, ఇదిగో పిల్ల చదివి తేల్చింది అని. పిల్ల కూడా చేతులు పట్టుకుని నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. అతని మొహం వెలుగుతుందని, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడని, వచ్చే ఆదివారం పులుసుకి వస్తానంటాడని అనుకున్నాను.

అతను తన అరచేతులు చూసుకున్నాడు. "అయితే నాను ఆ లింకు జారకుండా పట్టుకున్నా బావకొచ్చీదేనేటమ్మా?" అని పిల్లని అడిగాడు. వచ్చేదే మావా, అంది అది.

"సూడప్పా," అన్నాడు నాతో, "నానిన్నేల్లబట్టీ రోజూ కల్లు మూసుకుని ఆ లింకు మల్లీ ఎత్తుతన్నాను. గట్టిగా పట్టుకుంటన్నాను. జారనివ్వట్లేదు. పట్టుకున్న రోజున బావ లేసొచ్చి నా పక్కన కూకునీవోడు. ఇప్పుడు పట్టుకున్నా ఆడు పోతాడంతన్నారు. మరింక నానేటి పట్టుకోను?"

అతను ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మంచి కబురు పట్టుకెళ్ళి, ఒక మనిషి దగ్గర మిగిలున్న బావని కూడా లాక్కొచ్చేశామని తిరుగుదారిలో ఇద్దరం ఒకరితో ఒకరు అనుకోలేదు. రాబోయే రోజుల్ని చూసే ఇన్నాళ్ళూ భయపడ్డాను. గడిచిపోయినవి గడిచినట్టే పడుంటాయని నమ్మి వాటికి వీపు పెట్టి కూర్చున్నాను, అవి కూడా నా వెనక కదులుతూనే ఉన్నాయి.